కదిలేవీ కదలనివీ

రెండు ఎముకలు కలిసే చోటు కీలు. కలిసిన ప్రతిచోటా కదలిక ఉండాలని లేదు. పెద్దవాళ్ల పుర్రెలో అతుకులు దాదాపు కదలవు. మెదడును కాపాడాలి గనుక కదలకపోవడమే వాటి పని. పసిబిడ్డలో అవి ఇంకా బిగుసుకోవు. ప్రసవమప్పుడు ఇరుకు దారిలో తల ఎముకలు కొద్దిగా ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి. నూనె అంటేటప్పుడు వేలికి మెత్తగా తగిలి, నాడితో పాటు కొట్టుకునే మాడు ఆ అతుకుల మధ్య మిగిలిన ఖాళీయే. సాధారణంగా ఏడాదిన్నర నాటికి పూడుతుంది.

కదలిక పెరిగితే పటుత్వం తగ్గుతుంది. ఒంట్లోని కీళ్లన్నీ ఈ బేరంలో ఎక్కడో ఒకచోట రాజీపడ్డవే.

బాగా కదిలే వాటిని సైనోవియల్ కీళ్లంటారు. ఎముకల కొసలకు నున్నటి మృదులాస్థి, చుట్టూ సంచి లాంటి పొర, లోపల జిగట ద్రవం ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మోకాల్లో కూడా ఆ ద్రవం కొద్ది మిల్లీలీటర్లే. ‘మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది’ అని జనం అనేది ఈ మృదులాస్థి గురించే. దానికి నరాలు లేవు, కాబట్టి అరగడం మొదలైన సంగతి తెలియదు. రక్తనాళాలూ లేవు, కాబట్టి అరిగింది సరిగా పూడదు. తిండి అందేది చుట్టూ ఉన్న ద్రవం నుంచే. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు వదులైతేనే ఆ ద్రవం లోపలికి బాగా ఇంకుతుంది. నొప్పి పుడుతోందని కీలును పూర్తిగా కదపడం మానేయడం అందుకే మంచిది కాదు.

బిడ్డకు దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడు ఎముకలది కాదు. కీలు సాగి లోపలి ఒత్తిడి పడిపోగానే ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగ కడుతుంది. చప్పుడు బుడగ పుట్టినప్పటిదా, కూలినప్పటిదా అన్న వాదం ఇంకా తెగలేదు. ఒకసారి పలికిన వేలు సుమారు 20 నిమిషాల దాకా మళ్లీ పలకదు. మెటికలు విరిస్తే కీళ్ల జబ్బు వస్తుందని పిల్లల్ని బెదిరించడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది. అమెరికా వైద్యుడు డొనాల్డ్ ఉంగర్ ఎడమచేతి మెటికలు మాత్రమే 50 ఏళ్లు విరిచి, రెండు చేతులకూ తేడా ఏమీ రాలేదని 1998లో ప్రకటించాడు. ఒక్క మనిషి చేతులతో తేలే విషయం కాదు గానీ, ఆ ఓపికకు 2009లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి దక్కింది.

ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత కీళ్లను 210గా లెక్కగట్టి ఎనిమిది రకాలుగా విడదీసింది. చంక, గజ్జల దగ్గరి కీళ్లను రోలుతో పోల్చింది. తుంటికి ఆ పోలిక చక్కగా సరిపోతుంది. తొడ ఎముక తల లోతైన గుంటలో కూర్చుంటుంది, రోడ్డు ప్రమాదం లాంటి పెద్ద దెబ్బ తగిలితే తప్ప జారదు. భుజం గుంట మరీ లోతు తక్కువ. చెయ్యి దాదాపు అన్ని వైపులా తిరిగేది అందుకే, పెద్ద కీళ్లలో ఎక్కువగా జారేదీ అందుకే.

బొటనవేలి మొదట్లోని కీలు చిన్నదే గానీ పనితనం గొప్పది. ఆ వేలు మిగతా వేళ్లకు ఎదురు తిరగగలిగేది దానివల్లే. చూపుడువేలికి, బొటనవేలికి మధ్య నుంచి ముగ్గుపిండి సన్నటి ధారగా జారాలంటే ఆ కీలు వెంట్రుకవాసి సర్దుకుంటూ ఉండాలి.

మోకాలి కథ వేరు. తొడ ఎముక చివర రెండు గుండ్రటి బుడిపెలు దాదాపు చదునైన కింది ఎముక మీద నిలబడాలి. పొందిక కుదరని ఈ చోటును నెలవంక ఆకారపు రెండు మెత్తలు, లోపలా పక్కలా ఉన్న లిగమెంట్లు, ముందున్న చిప్ప, తొడ కండరాలు కలిసి నిలబెడతాయి. కబడ్డీలో పాదం నేలకు అంటుకుపోయి ఒళ్లు మాత్రం తిరిగితే లోపలి లిగమెంటు తెగవచ్చు.

కదలాల్సినది బిగుసుకుపోయినా కష్టమే. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే లిగమెంట్లలో కాల్షియం పేరుకుంటుంది; ముదిరితే నడుము వంగదు, మెడ తిరగదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే వైద్యులు వివరించారు. నల్లగొండ పల్లెలు దాన్ని తరాల తరబడి మోశాయి.

పూర్తిగా అరిగిన కీలుకు ఇప్పుడు మార్పిడి ఉంది. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ 1962లో లోహపు బంతి, పాలిథిలిన్ గిన్నెతో చేసిన తుంటి ఈ వైద్యానికి దారి చూపింది. తర్వాత మోకాలూ వచ్చింది. మార్చిన మోకాలితో మెట్లెక్కవచ్చు, నడవవచ్చు. గొంతుక్కూర్చోవద్దని, బాసింపట్టు వేయవద్దని మాత్రం మన డాక్టర్లు సాధారణంగా చెబుతారు.