లాయరు చదువు, మా ఇంటి లెక్క

మా అమ్మాయికి బీకాం అయిపోయింది. లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చేస్తానంటోంది. నెల రోజులుగా ఇంట్లో ఇదే మాట. మా ఆయన కాదనలేదు, ఔననలేదు. "ఈ రోజుల్లోనా?" అన్నారు, అంతే.

ఆయన భయం నాకు తెలుసు. శ్రీకాళహస్తిలో గుడి దగ్గర మాకు కలంకారీ గుడ్డల అంగడి ఉంది. రాహుకేతు పూజకి జనం వస్తేనే మా గల్లాపెట్టె నిండేది. 2020లో లాక్‌డౌన్‌కి గుడి మూసినప్పుడు చేసిన అప్పు ఈమధ్యే తీరింది. పోనీ అందరిలా కంప్యూటర్ వైపు పొమ్మందామా అంటే, 2025 జూలైలో టీసీఎస్ అంతటి కంపెనీయే 12,000 మందికి పైగా తీసేస్తున్నామని చెప్పింది.

"డబ్బుకి కటకటగా ఉన్నప్పుడే కోర్టుల్లో పని ఎక్కువమ్మా" అంటుంది మా పిల్ల. చెక్కులు చెల్లవు, బాడుగలు నిలిచిపోతాయి, అన్నదమ్ములు పంపకాలకి దిగుతారు. నిజమే కానీ ఆ మాట నాకు రుచించలేదు. ఒకరి కష్టం మనకి కూడు కావాలా అన్నాను. "డాక్టర్ కోర్సన్నా ఇట్లే అడుగుతావా?" అంది.

సరే, కాగితం పెన్ను పెట్టుకుని కూర్చున్నాం. చదువు మూడేళ్ళు. తర్వాత బార్ కౌన్సిల్లో పేరు నమోదు. దానికి ఒక్కో రాష్ట్రంలో వేలకు వేలు తీసుకునేవాళ్ళు. చట్టంలో ఉన్న 750 రూపాయలకి మించి అడగకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, ఎస్సీ, ఎస్టీలకైతే 125. అది మేలే. అసలు బరువు ఆ తర్వాత. సీనియర్ దగ్గర చేరిన కొత్తలో చేతికొచ్చేది పెట్రోలుకే సరిపోదంటారు. జూనియర్లకి నెలకి పట్నాల్లో 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. సూచనే, తప్పనిసరి కాదు. జడ్జి పరీక్ష రాద్దామన్నా మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో తీర్పొచ్చింది. మూడూ మూడూ ఆరు. అప్పటికి పిల్లకి 27. అనుభవం లేకుండా తీర్పులు చెప్పకూడదన్నది న్యాయమే, కాదనను. కానీ ఆ మూడేళ్ళూ ఇంట్లో కూర్చోబెట్టి తిండి పెట్టగలిగినవాళ్ళ పిల్లలకే ఆ అనుభవం సులువు. అందులోనూ ఆడపిల్లయితే ఇరవై నాలుగు దాటితే చుట్టాలు ఊరుకోరు.

డిగ్రీలో ఉన్నప్పుడు టంగుటూరి ప్రకాశం పంతులుగారి గురించి చదివాను. తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆయన ప్లీడరై, 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చారు. అప్పట్లో నా ధ్యాసంతా కొడుకు మీదే. ఇప్పుడు మాత్రం ఆవిడ రోజుకి ఎంతమందికి వండేదో అనిపిస్తోంది.

పోయిన వారం మా పక్కింటి అక్కకి లాయరు నోటీసొచ్చింది. వడ్డీకిచ్చినాయన ముందే తీసిపెట్టుకున్న ఖాళీ చెక్కులో అంకె వేసి బ్యాంకులో వేశాడట. పోలీసులొస్తారని ఏడుస్తూ వచ్చింది. మా పిల్ల నోటీసంతా రెండుసార్లు చదివి, "అందిన రోజు నుంచి 15 రోజులు గడువుంది పెద్దమ్మా, అంతలోపల ఎవరూ కేసు వెయ్యలేరు. ఆడవాళ్ళకి ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయర్నిస్తారు, 1987 నాటి చట్టమే ఉంది, పద పోదాం" అని న్యాయసేవల వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. అంకె ఎంత వేశాడో, నిజంగా ఎంత బాకీయో దారిలోనే రాయించిందట. మా ఆయన అంగడి గడప మీంచి ఇదంతా చూశారు. ఏమీ అనలేదు. మరుసటి రోజు లాసెట్ ఫీజు ఎంతని అడిగారు.

తిరుపతిలో సీటొస్తే హాస్టలు ఖర్చుండదు, రోజూ పోయి రావచ్చు. అంగడి లెక్కలు మాత్రం ఆ పిల్లే రాయాలని ఆయన షరతు. ఇక నేను అయిదింటికి కాదు, నాలుగున్నరకే లేచి క్యారేజీ కట్టాలి.