రూపాయిబిళ్లయంత తాబేలు

పిల్లల పెంపకమును, వంటలును, నోములును చర్చించుకొను పత్రికలో తాబేలును గూర్చి వ్రాయుట యేమని మీలో కొందఱు నవ్వవచ్చును. 2023వ సంవత్సరపు సంక్రాంతికి ముందైనచో మేమును అట్లే నవ్వియుందుము. కాని బిడ్డ ముచ్చటపడి తెచ్చుకొన్న ప్రాణి యేదైనను, ఆ ముచ్చట తీరిన మూడవనాటికి ఇంటి ఆడువారి పాలబడుచున్నదను మాట మీరు కాదనజాలరు. కుక్కపిల్లకు పాలు పోయునది మనము. చిలుక పంజరము కడుగునది మనము. కావున దీనిని గూర్చి తెలిసికొనవలసినదియు మనమే యని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మేమనగా అక్కచెల్లెండ్రము. పెద్దదాని కాపురము జగ్గయ్యపేట, చిన్నదానిది నందిగామ. నడుమ బస్సులో గంట త్రోవ. మాది కృష్ణాజిల్లాలో మెట్టసీమ యనిపించుకొన్న ప్రాంతము. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. పత్తియు, మిరపయు పండు నేల. జగ్గయ్యపేట ప్రక్కను పాలేరు, నందిగామ ప్రక్కను మున్నేరు పారుచుండును. ఆ యేళ్లలో తాబేళ్లను చిన్ననాటినుండి చూచినవారమే గాని, తాబేలును కొని తెచ్చుకొందురని మే మెన్నడును వినియుండలేదు.

ఆ సంక్రాంతికి చెల్లెలి కూతురి కొడుకు, తొమ్మిదేండ్లవాడు, బట్టలు కొనుటకై మాతో విజయవాడ వచ్చెను. అచ్చట పెంపుడు జంతువులను, వాని తిండిని, గొలుసులను అమ్ము పెద్ద యంగడి యొకటి కలదు. అట్టివి అదే పేరుతో అనేక పట్టణములందున్నవట. గాజు తలుపు తెఱచి లోపలికి బోగా చల్లని గాలి మొగమునకు దగిలి ప్రాణము లేచివచ్చినట్లయ్యెను. ఒక మూల గాజు పెట్టెలో రెండు వ్రేళ్ల లోతు నీటిలో ఇరువది వఱకు ఆకుపచ్చని తాబేటిపిల్లలు ఒకదానిపై నొకటి ప్రాకుచుండెను. ఒక్కొక్కటి రూపాయిబిళ్ల కంటె కొంచెము పెద్దది. కన్నుల వెనుక ఎఱ్ఱని బొట్టు. పిల్లవాడు కదలనన్నాడు.

“ఇవి ఎంత పెరుగుతాయి బాబూ?” అని యడిగితిమి.

“ఇంతేనండీ, ఇంకేం పెరగవు. రోజుకు నాలుగు గుళికలు వేస్తే చాలు,” అని అంగడి కుఱ్ఱవాడు చెప్పెను.

మేము నమ్మితిమి. రెండు పిల్లలను, ప్లాస్టిక్కు కొబ్బరిచెట్టు గల చిన్న గిన్నెను, గుళికల డబ్బాను కొని తెచ్చితిమి. గిన్నెను ముందుగదిలో గాజు కిటికీ ప్రక్కన బెట్టితిమి. గుళికలు తినకపోగా మేము తినునదే పెట్టుదమని అన్నపు మెతుకులు, రొట్టెముక్కలు వేసితిమి. మాఘమాసము గడచులోపల రెంటికిని కన్నులు వాచి మూసికొనిపోయెను. డిప్పను తాకిన మెత్తగా నుండెను. “అమ్మమ్మా, ఇది కళ్లు తెరవడం లేదేం? నిద్రపోతోందా?” అని పిల్లవాడు ప్రతి ప్రొద్దును అడుగుచుండెను.

నందిగామలోని పశువుల ఆసుపత్రికి తీసికొనిపోతిమి. గేదెలకు, మేకలకు వైద్యము చేయు ఆ డాక్టరుగారు గిన్నెను చూచి నవ్వలేదు. “నాకు దీని వైద్యం కొద్దిగానే తెలుసమ్మా,” అని నిజము చెప్పి, ఇట్టి ప్రాణులను చూచు స్నేహితునకు ఫోనులో బొమ్మలు పంపి, సలహా తీసికొని మందిచ్చిరి. ఒకటి కోలుకొనెను. రెండవది నాలుగవ దినమున మరణించెను. దానిని మల్లెపొద మొదట పూడ్చితిమి. ఆ రాత్రి పిల్లవాడు అన్నము ముట్టలేదు. మాకును ముద్ద దిగలేదు. దానిని చంపినది అంగడివారా, మేమా? ఆలోచించిన కొలదిని ఇరువురమును అని తోచినది. వారు తెలిసియు చెప్పలేదు. మేము తెలియకయే కొంటిమి.

అప్పుడు తెలిసికొన్న సంగతులను మీకును చెప్పెదము. ఈ జాతి మన దేశపుది కాదు. అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతము దీని పుట్టినిల్లు. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అని పేరు. ఎఱ్ఱచెవి తాబేలని మేమందుము. పెరగదనుట పచ్చి అబద్ధము. ఆడుతాబేలు అడుగు పొడవునకు దగ్గఱగా పెరుగగలదు. చక్కగా చూచుకొన్నచో ఇరువది, ముప్పది యేండ్లు బ్రదుకును. అనగా తొమ్మిదేండ్ల బిడ్డకు కొనియిచ్చిన తాబేలు వాని పెండ్లినాటికిని మన యింటనే యుండునన్నమాట.

మన దేహము తిన్న యన్నముతో తనలోనే వేడి పుట్టించుకొనును. తాబేలు, బల్లి, పాము మొదలగువానికి ఆ శక్తి తక్కువ. వెలుపలి వేడియే వాని వేడి. ఒడలు కాగనిచో తిన్నది అరుగదు, రోగమును తట్టుకొనలేవు. మనకు ప్రాణము లేచివచ్చినట్లు తోచిన అంగడిలోని చల్లగాలియే వానికి రోగకారణ మయ్యెనని మాకప్పుడు తెలిసెను. ఎండలోని అతినీలలోహిత కిరణములు దేహమున డి విటమిను కలిగించును. అది లేనిచో తిండిలోని సున్నపు సత్తువ ఎముకకును, డిప్పకును పట్టదు. ఆ కిరణములు కిటికీ గాజును దాటి రావు. కావున కిటికీ ప్రక్కన బెట్టి ఎండ తగులుచున్నదని మేము సంతోషించుట వట్టి భ్రమ. ఇంటిలోపల పెంచువారు ఆ కిరణముల నిచ్చు ప్రత్యేకపు దీపము పెట్టవలయును. ఇక కన్నుల వాపునకు ముఖ్యకారణము ఏ విటమిను చాలకపోవుట. మెతుకులలో అది యెక్కడిది?

బ్రదికిన దానికి పెరటిలో సిమెంటు తొట్టి కట్టించితిమి. అది మునిగి యీదునంత నీరు పోసి, ఎక్కి ఒడలు కాచుకొనుటకు ఇటుకలతో ఏటవాలుగా మెట్టు కట్టితిమి. సగము తొట్టిపై తాటాకు తడక; మా యెండలకు నీడ లేనిచో నీరు కాగి అది ఉడికిపోవును. కాకులు, పిల్లులు రాకుండ పైన ఇనుప వల. కుళాయినీటిని ఒక దినము ఊరక యుంచి పిదప పోయుదుము. చిన్నతనమున మాంసాహారము హెచ్చుగా కోరును గనుక దానికై కొన్న గుళికలతో ఎండురొయ్యపప్పును ఉప్పు పోవునట్లు కడిగి కొంచెము వేసితిమి. పెరిగినకొలది ఆకులు హెచ్చించితిమి. మునగాకు, క్యారెట్టు తురుము ఇష్టముగా తినును. పాలకూర నిత్యము పెట్టరాదట. అది సున్నపు సత్తువను పట్టనీయదు. ఆయుర్వేదపు దుకాణములలో దొరకు సముద్రఫేనపు ముక్క నొకటి నీటిలో వేసిన, కొఱికి తినును. కొన్ని నెలలలో డిప్ప గట్టిపడెను.

పసిబిడ్డల తల్లులకు ముఖ్యమైన మాట యొకటి. తాబేటి ఒంటిమీదను, నీటిలోను సాల్మొనెల్లా యను క్రిములుండవచ్చును. వానివలన పసివాండ్రకు జ్వరమును, విరేచనములును పట్టుకొనును. ఈ కారణముననే అమెరికాలో 1975లో నాలుగంగుళములకు తక్కువైన డిప్ప గల తాబేళ్ల అమ్మకమును నిషేధించిరి. అనగా ఇచ్చట బిడ్డల చేతికిచ్చు రూపాయిబిళ్లంత పిల్లలను దాని పుట్టినింట అమ్మరాదు! ముట్టుకొన్న పిమ్మట సబ్బుతో చేతులు కడుగుట మా యింట నియమము. ఆ నీటిని వంటింటి తూములో పోయనీయము.

“ఎందుకమ్మా ఈ గోల? మున్నేట్లో వదిలేయండి, పుణ్యం కూడానూ,” అని ఇరుగుపొరుగు సలహా చెప్పిరి. శ్రీకూర్మమున కూర్మనాథుని కొలుచు జాతి మనది. ఆ యాలయమున నక్షత్ర తాబేళ్లను పోషించుచున్నారు. తాబేలును నీట విడుచుట పుణ్యమని తోచుట సహజమే. కాని ఈ పరదేశపు తాబేలు ఎచ్చట విడిచిన నచ్చట బలిసి, నాటు తాబేళ్ల తిండిని, ఒడలు కాచుకొను చోటును లాగికొనును. లోకమున మిక్కిలి హాని చేయు నూఱు పరాయిజాతుల పట్టికలో దీని పేరున్నది. మున్నేటిలోని మన తాబేళ్లకు కీడు చేయు పని పుణ్యమెట్లగును?

అట్లని నాటు తాబేలును పెంచుకొందమా యన్న, అది నేరము. పెరటిలో నుంచిన అదృష్టమని నక్షత్ర తాబేళ్లను చాటుగా అమ్మువారు కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2022లో సవరించి దానిని మొదటి షెడ్యూలులో చేర్చిరి. దానిని కొన్నను, అమ్మినను, ఇంట నుంచుకొన్నను మూడేండ్లు మొదలు ఏడేండ్ల వఱకు చెఱసాల. అదృష్టము మాట దేవుడెఱుగు!

ఇంత తెలిసిన పిమ్మట ఊరకుండలేక ఆ వేసవిలో మరల ఆ యంగడికి పోతిమి. గాజు పెట్టె అట్లే యున్నది. పిల్లలు మాత్రము క్రొత్తవి. అంగడి మేనేజరు మర్యాదస్థుడే. “మా చేతిలో ఏముందమ్మా? అంతా హెడ్డాఫీసు వాళ్లు చెప్పినట్టే,” అనెను. సరే, హెడ్డాఫీసునకే వ్రాయుదమని జగ్గయ్యపేటలోను, నందిగామలోను మాకు తెలిసిన పదునొకండుగురు స్త్రీల చేవ్రాళ్లతో ఉత్తరము వ్రాసితిమి. తిట్లు వ్రాయలేదు, అయిదు కోరికలు వ్రాసితిమి. వేడికిని, కిరణములకును దీపము పెట్టుడు. ఎక్కి కూర్చుండుటకు పొడిచోటు నిండు. పెట్టెకు మితముగా పిల్లల నుంచుడు. ఎంత పెరుగును, ఎన్నేండ్లు బ్రదుకును, ఏమి తినును అను సంగతులు తెలుగులో వ్రాసి కొనువారి చేతికిండు. పెంచలేమన్న వారినుండి మరల తీసికొనుడు. పెంపుడు జంతువుల అంగళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి యొద్ద నమోదు కావలయునని 2018లో నియమములు వచ్చియున్నవి గాన, ఆ మాటయు వినయముగా గుర్తుచేసితిమి.

రెండు నెలలకు ప్రత్యుత్తరము వచ్చెను. పిమ్మట పోయి చూడగా పెట్టెపై దీపము వెలుగుచుండెను. నడుమ రాయి యొకటి వేసిరి. పిల్లలు దానిమీద మెడలు చాచి కాళ్లు జాపుకొని పడుకొనియుండుట చూచి మా కన్నులు చెమర్చినవి. గోడకు తెలుగు పలక వ్రేలాడుచుండెను: ఇది అడుగు వఱకు పెరుగునని. మరల తీసికొనుటకు మాత్రము వారొప్పుకొనలేదు. అమ్మకమును మానలేదు. అయిదింట నాలుగు కోరికలు తీరినవి, అయిదవది మిగిలియున్నది. ఆ పలకను చదివి ఒక తల్లి, “అడుగా? వద్దులేరా, పద,” అని బిడ్డను తీసికొని పోవుట చూచితిమి. ఆ రోజునకు మాకది చాలును.

2024 సెప్టెంబరు మొదట మున్నేరు పొంగి, ఐతవరము వద్ద జాతీయ రహదారిమీదికి నీరు వచ్చిన సంగతి మీరెఱుగుదురు. ఆ రాత్రి నందిగామలో చెల్లెలి పెరటిలోనికిని వాననీరెక్కెను. బియ్యపు బస్తాలు ఎత్తుచుండగా పిల్లవాడు మొలలోతు నీటిలో తొట్టికడకు పరుగెత్తెను. కొట్టుకొనిపోయిన పీడ విరగడయగునని ఆ చీకటిలో ఒక్కక్షణము మాకును తోచినమాట దాచము. వాడు దానిని బకెట్టులో వేసికొని వచ్చి, “అమ్మమ్మా, ఇది మున్నేట్లోకి పోకూడదన్నావుగా,” అనెను. సిగ్గుపడితిమి. రెండు దినములు మా మంచము క్రింద ఆ బకెట్టులోనే అది కాపురముండెను.

ఇప్పుడది అరచేతికంటె పెద్దదైనది. ఒక కన్ను నేటికిని సరిగా తెఱువదు. ఆ కన్ను చూచినప్పుడెల్ల మల్లెపొద మొదటనున్న రెండవది జ్ఞప్తికి వచ్చును.

సోదరీమణులారా! తాబేలును కొనవద్దని చెప్పుటయే మా మొదటి మాట. ఇదివఱకే కొన్నచో ఎండ, నీడ, తగిన తిండి యిచ్చి, ఏటిలో విడువక కడదాక చూచుకొనుడు. అంగడికి పోయినప్పుడు దీపమున్నదా, పొడిచోటున్నదా, నమోదు పత్రమున్నదా యని అడుగుడు. ఒకరు అడిగిన నవ్వుదురు. పదునొకండుగురము అడిగిన దీపము పెట్టిరి. మీరందఱును అడిగినచో ఆ అయిదవ కోరికయు తీరకపోదని మా నమ్మకము.