మా యింటి రెండు కీళ్లు

మన పాఠశాల సంచికకు వ్యాసమొకటి వ్రాయుమని తెలుగు పండితులుగారు సెలవిచ్చినప్పుడు, ఏ విషయమును గూర్చి వ్రాయవలెనో నాకు తోచలేదు. ఇంటికి బోయి తాతగారి నడిగితిని. వారు గోడయెదుట నిలువబడి కుడిచేతి వ్రేళ్లను మెల్లగా పైకి ప్రాకించుచు, "నీ మోచేయి, నా జబ్బ ఉన్నవి గదరా! వేరే విషయ మెందులకు?" అనిరి. వారు పరిహాసమునకే యనిరి గాని, నా కదియే మంచిదని తోచినది.

నాకు తొమ్మిదవ యేట, వేసవి సెలవులలో, పెరటి జామచెట్టు కొమ్మ విరిగి క్రింద బడితిని. పడుచు ఎడమచేయి చాచి నేల కానించితిని. పిల్ల లెవరైనను అట్లే చేయుదురు. ఆ దెబ్బ యరచేతినుండి పైకెక్కి, మోచేతికి కొంచెము పైన, దండయెముక పలుచబడిన చోట దానిని విరుచును. పిల్లల మోచేతి విరుగుళ్లలో నిదియే మిక్కిలి సాధారణమైనదట. నా చేయి క్షణములో బూరెవలె పొంగినది.

నాయనమ్మ వెంటనే కట్టు కట్టువానిని పిలువుమనెను. ఆమె మాట త్రోసివేయదగినది కాదు. ఆమె చిన్ననాడు మణికట్టు విరిగినప్పుడు ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టగా చక్కగా నతుకుకొన్నది. రాయలసీమలోని పుత్తూరు కట్టు పేరు విననివా రెవరు? నాయన యొప్పుకొనబోవుచుండగా తాతగారు, "మోచేతికి మాత్రము వలదు" అని గట్టిగా జెప్పిరి.

దానికి కారణము మా వీధి చివరనే యున్నది. అచ్చట తమలపాకు లమ్ముకొను నొక పెద్దమనిషికి బాల్యమున మోచేయి విరుగగా, వేరొక యూర నెవరో బిగించి కట్టిరట. రెండు రాత్రులు అతడు గోలపెట్టెను. ఎముక విరిగినవానికి నొప్పి యుండదా యని యందరు నూరకుండిరి. కట్టు విప్పునప్పటికి వ్రేళ్లు లోపలికి ముడుచుకొని పోయినవి. ఎముక యతికినది, చేయి మాత్రము పనికి రాలేదు. ఇప్పటికిని అతడు చిల్లర రెండవ చేతితోనే యిచ్చును.

పట్టణములోని వైద్యశాలకు గొనిపోగా, వైద్యులు మోచేతిని ముట్టనైన ముట్టక, ముందుగా మణికట్టువద్ద నాడి చూచిరి. పిమ్మట బొటనవ్రేలిని చూపుడువ్రేలిని చేర్చి సున్న చుట్టుమనిరి. విరిగినది మోచేయి గదా, వ్రేళ్లతో నీ యాట యేమి యని నాకు కోపము వచ్చెను. తరువాత తెలిసినది. చేతికంతకు రక్తము గొనిపోవు పెద్ద నాళమును, వ్రేళ్ల నాడించు నరములును మోచేతి ముందువైపుననే పోవును. విరిగిన యెముక మొన వాని నొత్తవచ్చును. పైగా వాపు హెచ్చుచుండగా కట్టు బిగువుగా నున్నచో, వాపునకు చోటు లేక ముంజేతి కండలకు రక్తమందదు. కొన్ని గంటలలోనే కండ చచ్చి, క్రమముగా కుంచించుకొని వ్రేళ్లను లోపలికి లాగును. ఈ సంగతిని 1881లో జర్మనీ శస్త్రవైద్యుడు ఫోల్క్‌మన్ వివరించి వ్రాసెను. ఆయన మారుపేరుతో పిల్లలకు కథలు కూడ వ్రాసినవాడని తెలిసి నాకు మిక్కిలి ముచ్చట కలిగినది.

నాకు మత్తిచ్చి, చర్మము కోయకయే, ఎక్సురే చూచుచు ఎముకను సరిచేసి, సన్నని యుక్కుతీగలు రెండు గ్రుచ్చి, వెనుకవైపున సగము పిండికట్టు వేసిరి. ఇంత శ్రమ యేల యని నాయన యడుగగా వైద్యు లొక వింత చెప్పిరి. దండయెముక పొడవు పెరుగుటలో అయిదింట నాలుగు పాళ్లు భుజమువైపునను, ఒక్క పాలు మాత్రమే మోచేతివైపునను జరుగునట. కావున భుజముదగ్గర వంకరగా నతికిన యెముక, పిల్లవాడు పెరిగినకొలది చాలవరకు తానే చక్కబడును. మోచేతివద్ద వచ్చిన వంకర నిలిచిపోవును. ఒకే యెముక, రెండు కొనలకు రెండు స్వభావములు!

ఆ రాత్రి నాయన నిద్రపోలేదు. మందిచ్చినను నొప్పి హెచ్చుచున్నను, వ్రేళ్లను మెల్లగా చాపినప్పుడు ఓర్వలేని బాధ కలిగినను, వ్రేళ్లు చల్లబడినను, తెల్లబడినను, తిమ్మిరెక్కినను తత్‌క్షణమే పిలువుమని వైద్యులు చెప్పియుండిరి. నాయన గంట గంటకు నన్ను లేపి, గోరు నొక్కి, తెల్లబడిన చోట మరల నెఱుపు వచ్చువరకు చూచుచుండెను. నేను విసుగుకొంటిని. నాయనమ్మ నా కాళ్లకడ గూర్చుండి ఒక్క మాటయు పలుకలేదు. తెల్లవాఱిన తరువాత నేను సున్న చుట్టి చూపగా, ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొనెను.

నాలుగవ వారమున తీగలు తీసిరి. చేయి చాగదు, ముడువబడదు. నాయనమ్మ నువ్వులనూనె కాచి సిద్ధముగా నుంచినది గాని, వైద్యులు మర్దనము కూడదనిరి. దెబ్బతిన్న మోచేతిని రుద్దినను, బలవంతముగా వంచినను, కండలోనే యెముక పుట్టి కీలు మరింత బిగియవచ్చునట. పిల్లవానిని వాని యాటలకు వదలుటయే మందనిరి. నాయనమ్మ చాల నొచ్చుకొనెను. నేను మాత్రము ఆ మందు శ్రద్ధగా సేవించితిని. కొన్ని నెలలకు చేయి దాదాపు మునుపటివలె నైనది.

ఇక తాతగారి సంగతి. రెండేండ్ల క్రిందట, ఏ దెబ్బయు తగులకుండగనే, వారికి కుడిభుజమున నొప్పి మొదలయ్యెను. ఆ ప్రక్కకు పండుకొనలేరు, ఉత్తరీయము వేసికొనలేరు. మా యింట మోచేతినాటి పాఠము స్థిరపడియున్నది గదా! "కీలును బాధింపరాదని వైద్యులే చెప్పిరి" అని వారు చేతిని మెడకు వ్రేలగట్టుకొని నెలదినములు కదల్పక యుండిరి. నొప్పి తగ్గలేదు సరిగదా, చేయి చెవివరకైన లేవదాయెను.

ఈ వ్యాధిలో భుజపు కీలును చుట్టియుండు పొర మందమై ముడుచుకొనును. చక్కెరవ్యాధి గలవారి కిది యెక్కువగా వచ్చును. తాతగారి కది చిరకాలమునుండి యున్నది. గడ్డకట్టిన భుజమని 1934లో దీనికి పేరుపెట్టినవాడు అమెరికా వైద్యుడు కాడ్‌మన్. వ్రేలగట్టిన గుడ్డను చూచి వైద్యులు దానిని స్వయముగా విప్పిరి. నొప్పి శమించుటకు కీలులో సూదిమందు వేసి, ముందుకు వంగి చేతిని గడియారపు లోలకమువలె నూపుమనియు, గోడపై వ్రేళ్లు ప్రాకింపుమనియు చెప్పిరి. ఓర్చుకొనగలిగినంతవరకే గాని, మొండిగా గుంజరాదు. పూర్తిగా సడలుటకు ఒకటి రెండేండ్లు, ఒకప్పు డంతకంటె నెక్కువయు పట్టును. చేయుటకు ముందు వేడినీళ్ల కాపడము పెట్టవచ్చుననగానే నాయనమ్మ ముఖము వికసించెను.

నాకు ఓర్పు గఱపిన తాతగారే తమ వంతు వచ్చునప్పటికి తప్పించుకొన జూచుచుండిరి. అందుచే గోడమీద పెన్సిలుతో గీతలు గీసి తేదీలు వేయు పని నేను తీసికొంటిని. మొదటి గీత నా రొమ్ముకంటె నెత్తు లేదు. నిన్నటి గీత పంచాంగపు మేకును దాటినది. నేడు వారు ఉత్తరీయము తామే భుజముమీద వేసికొని, ఈ వ్యాసము చదివి వినిపింపు మనిరి.