పూతరేకుల ఊరు

పెండ్లి జరిగినను, పండుగ వచ్చినను, గోదావరి సీమనుండి చుట్టమెవరైన వచ్చినను మన ఇండ్లకు పూతరేకుల పొట్లమొకటి చేరుట వాడుక. పొట్లమును విప్పి పిల్లలకు పంచుటయే గాని, ఆ రేకును తీసిన చేయి ఎవరిదో మనమెన్నడైన విచారించితిమా? నిజము చెప్పవలెనన్న, గడచిన వేసవివరకు మేమును విచారింపలేదు.

ఆ వేసవిలో మా అత్తగారిని, ఆడబిడ్డను, పిల్లలను వెంటబెట్టుకొని మేము కోనసీమకు పోయితిమి. రాజమహేంద్రవరమున రైలు దిగి, ధవళేశ్వరము మీదుగా గోదావరిని దాటితిమి. 1852లో కాటన్ దొర పూర్తిచేయించిన ఆనకట్ట యుండిన తావున నేడు క్రొత్త బ్యారేజి యున్నది. దానిని దాటి బొబ్బర్లంక చేరినది మొదలు త్రోవకు రెండు ప్రక్కలను కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలే.

త్రోవలో ఒక తాటిచెట్టు క్రింద ముంజెలు అమ్ముచుండగా బండి నాపించితిమి. అమ్మువాడు గీతపని చేయువాడు. కుండలోపల సున్నము పూసి చెట్టునకు కట్టినయెడల కల్లు పులియదనియు, తెల్లవారకమునుపే దించిన ఆ తియ్యని నీరే నీరా యనియు, దానిని కాచినచో తాటిబెల్లమగుననియు అతడు పిల్లలకు చెప్పెను. పొద్దెక్కుటచే మాకు నీరా దొరకలేదు గాని, లేత ముంజెలతోను, కొబ్బరి బొండముల నీటితోను మా దాహము తీరినది.

ఆత్రేయపురము చేరగనే పూతరేకుల అంగళ్లు కనబడినవి. ఒక అంగడిలో మా అత్తగారు బేరమునకు దిగిరి. బేరమాడుటలో ఆమెను మించినవారు మా బంధువులలో లేరు. మేమును వంతపాడితిమి. చాలసేపు వాదించి, పెట్టెకు పది రూపాయలు తగ్గించుకొని, ఏదో గెలిచినట్లు సంతోషించితిమి. రేకులు తీయుట చూడవలెనని పిల్లలు మారాము చేయగా, అంగడివారే వెనుక వీధిలోని ఒక ఇల్లు చూపించిరి.

అది చిన్న పెంకుటిల్లు. వసారాలో పొయ్యిమీద నున్నని కుండ యొకటి బోర్లించియుండెను. ఎండిన కొబ్బరిమట్టల మంట దాని లోపలికి తగులుచుండెను. నడివయస్సు గల ఒకామె దానియెదుట కూర్చుండెను. ప్రక్కనున్న పళ్లెములో, నానబెట్టిన బియ్యమును మెత్తగా రుబ్బి పాలవలె పలుచన చేసిన పిండి యున్నది. ఆమె పలుచని గుడ్డను ఆ పిండిలో ముంచి, రెండు చేతులతో చాచిపట్టి, కాగిన కుండమీద ఒక్క లాగున లాగెను. రెప్పపాటులో తెల్లని పొర యేర్పడినది. అంచు పట్టి మెల్లగా తీయగా అదియే రేకు! కాగితముకంటెను పలుచన. దానిమీద నేయి రాచి, పంచదార పొడిగాని బెల్లపు పొడిగాని చల్లి మడిచిన పిమ్మటనే అది మన మెరిగిన పూతరేకగును.

మా ఆడబిడ్డ ముచ్చటపడి తానును ప్రయత్నించినది. మొదటి రేకు చినిగినది, రెండవది కుండకే అంటుకొన్నది, మూడవసారి వేలు కాలినది.

“చెయ్యి ఎక్కడా ఆగకూడదండి. గుడ్డ ఆగినచోట రేకు మందమవుద్ది,” అని ఆమె నవ్వి, చల్లని నీళ్లు తెచ్చి ఇచ్చెను.

రేకులు తీయువారొకరు, చుట్టువారొకరు, అమ్మువారింకొకరట. ఈమెకు ముట్టునది రేకుల లెక్కనుబట్టి కూలి మాత్రమే. ఉదయమే కూర్చున్న, ఎండ ముదురువరకు ఆ సెగయెదుటనే యుండవలెను. గాలి కొట్టిన రేకు చెదరును గనుక పంకా వేసికొనుటకైనను వీలు లేదు.

“మీ అమ్మాయికి కూడా నేర్పావా అమ్మా?” అని మా అత్తగారడిగిరి.

“లేదండి. నాకు మా అమ్మ నేర్పింది. మా పిల్ల డిగ్రీ చదువుతోంది. ఈ పొగ నాతోనే పోవాలండి,” అని ఆమె మంటలోనికి మరియొక మట్టను త్రోసెను.

మాకు నోట మాట రాలేదు. ఇంత చక్కని విద్య అంతరించునే యని ఒకప్రక్క దిగులు. మన నోటి తీపికొరకు వేరొక ఇంటి ఆడపిల్ల చదువు మాని నిప్పులయెదుట కూర్చుండవలెనని కోరుట న్యాయమా యని మరియొకప్రక్క సిగ్గు.

2017లో బందరు లడ్డునకు దొరకినట్లే, 2023లో ఆత్రేయపురపు పూతరేకులకును భౌగోళిక గుర్తింపు లభించినది. ఇతర ప్రాంతములవారు ఆ పేరు పెట్టి అమ్ముకొనుటకు ఇక వీలులేదు. సంతోషమే. కాని పేరునకు కలిగిన రక్షణ పొయ్యియెదుటి చేతికి తానుగా కూలి పెంచదు. ఆ పని గౌరవముగా బ్రదుకుటకు చాలినంత కూలి తెచ్చిననాడు, ఏ తల్లియు తన విద్య తనతోనే పోవలెనని కోరదు.

తిరిగి బండి యెక్కిన పిదప మా అత్తగారు చాలసేపు మాటాడలేదు. కడకు, “పది రూపాయలకోసం ఎంతసేపు వాదించామే!” అనిరి. బండి త్రిప్పించి మరల ఆ ఇంటికే పోయితిమి. ఆమెయొద్దనే వట్టి రేకులు కొని, అడిగిన వెల యిచ్చితిమి. ఇంట మేమే నేయి రాచి, బెల్లము చల్లి చుట్టుకొంటిమి. మా చుట్టలు వంకరగా నుండెను గాని పిల్లలు ఒక్కటియు మిగుల్చలేదు.

సోదరీమణులారా! మీరు ఆ ప్రాంతమునకు పోయినచో అంగడితో సరిపుచ్చక రేకులు తీయు ఇంటికి పోయి చూడుడు. వీలైనయెడల వారియొద్దనే కొనుడు. రేకులను తేమ తగులని డబ్బాలో దాచుడు. చెమ్మ తగిలిన మెత్తబడి పాడగును. బేరమాడవలెనని నోటివరకు వచ్చినప్పుడు ఆ పొయ్యిని ఒక్కసారి తలచుకొనుడు. మేము ఆ ఊరినుండి తెచ్చుకొన్న పాఠమిదియే.