కప్పు కింద నిలవని మామయ్య

ఏమండీ, పెళ్లికి పిలిస్తే పందిట్లో కూర్చోకుండా, పెరట్లో చింతచెట్టు కింద నిలబడి గూళ్లు లెక్కపెట్టే చుట్టం మీకూ ఉన్నాడా? మాకుండేవాడు. మా చిన్న మామయ్య! ఆయన పోయి ఏళ్లవుతోంది. అయినా చలిగాలి తిరిగిందంటే చాలు, మా ఇంట్లో ఆయన మాటే.

ఇంటికొచ్చేది అన్నానికే. అదీ పళ్లెం పట్టుకుని అరుగు మీదికి. "నన్ను కట్టుకున్నాడో, ఆ చెరువును కట్టుకున్నాడో!" అని అత్తయ్య దెప్పేది. దెప్పుతూనే పులిహోర పొట్లం కట్టిచ్చేది. ఆవిడ సంగతి ఇంకోసారి చెప్తాను, గుర్తుచేయండి.

చెరువంటే ఏ చెరువనుకున్నారు? నేలపట్టు! నెల్లూరు నుంచి వెళ్తుంటే సూళ్లూరుపేట ఇంకా రాకముందే, దొరవారిసత్రం దగ్గర. 1976లో పక్షుల కేంద్రం చేశారు. నీళ్లలో నిలబడ్డ కడప చెట్లు, వాటినిండా గూడబాతుల గూళ్లు. అక్టోబరు ప్రాంతంలో దిగుతాయి, పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి.

గూడబాతు పిల్ల అన్నం తినడం చూశారా? చూడలేదూ? అయ్యో! తల్లో తండ్రో నోరు తెరవగానే, తల మొత్తం లోపలికి దూర్చేస్తుంది. మెడదాకా! గొంతులోంచి చేపలు లాక్కుని తింటుంది. "మింగేసింది మామయ్యా!" అని నేనరిస్తే, ఆయన నోటిమీద వేలేసుకుని నవ్వేవాడు. చప్పుడుండదు, భుజాలు మాత్రం ఊగిపోతాయి.

ఊరివాళ్లకూ ఆ పక్షులంటే ప్రాణమే. ఎందుకుండదు? రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే ఎరువే కదా. ఈ రెట్టల మహత్యం మామయ్య సరిగ్గా మేం పులిహోర తింటున్నప్పుడే ఎత్తుకునేవాడు. ఏం మనిషండీ!

అక్కడితో ఆగుతాడా? పులికాట్ పోదాం పదమనేవాడు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యలోంచే రోడ్డు. అటూ ఇటూ నీళ్లు. ఆ నీళ్లలో ఫ్లెమింగోలు! కాళ్లతో బురద కదిలించి, ముక్కు తలకిందులుగా పెట్టి, తిండి వడగట్టుకుంటాయి. ఆ గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదండోయ్, తిన్న తిండిది. పిల్లలు బూడిద రంగులోనే ఉంటాయి. రాకెట్ ఎగిరే రోజు జనమంతా మెడలు పైకెత్తితే, మామయ్య ఒక్కడే నీళ్లవైపు చూసేవాడు, పక్షులు బెదిరాయేమోనని.

ఆయన ఫొటో ముందు కూర్చుని ఏడవడం మాకు చేతకాదు. ఆయనకూ నచ్చదు. అందుకే ఏటా డిసెంబరులో అందరం ఆ పక్షుల దగ్గరికే బయల్దేరతాం. ఈసారి మీరూ రండి. పొద్దున్నే రావాలి సుమా! మెరిసే బట్టలు వద్దు, గట్టిగా మాటలు వద్దు. ఆయన బైనాక్యులర్స్ నా దగ్గరే ఉన్నాయి, మీకిస్తాను. పులిహోర మాత్రం మీ ఇంటినుంచే!