నోటికన్నా ముందు చెవి

ఫ్రాన్సుకు చదువుకో ఉద్యోగానికో బయల్దేరేవాళ్లకు తెలిసినవాళ్లంతా ఇచ్చే సలహా ఒకటుంది: తప్పులకు భయపడకు, ధైర్యంగా మాట్లాడెయ్. సలహా మంచిదే. కానీ కొత్తగా వెళ్లినవాళ్ల అసలు కష్టం అక్కడ లేదని నా నమ్మకం. అడగాల్సిన వాక్యాన్ని ఇంటి దగ్గరే పదిసార్లు వల్లెవేసుకుని వెళ్లొచ్చు. అవతలివాళ్లు ఏం బదులిస్తారో వల్లెవేసుకోలేం కదా. రొట్టెల కొట్టులో బోంజూర్ చెప్పి, ఒక బగెత్ ఇవ్వండని అడగడం రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. ఆ వెంటనే కౌంటరు అవతలి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. మామూలుదా, త్రదిస్యో అనే సంప్రదాయ రకమా? ఇంకేమన్నా కావాలా? కార్డా, డబ్బులా? రసీదు ఇవ్వాలా? ఇవన్నీ గబగబా, సగం మింగేసిన అక్షరాలతో, మన వెనక నలుగురు వరసలో నిలబడి ఉండగా వస్తాయి. అక్కడ తడబడేది నోరు కాదు, చెవి. కాబట్టి పరాయి దేశంలో మొదటి నెలల చదువు ముఖ్యంగా చెవికి జరగాలి. మాట దాని వెనకే వస్తుంది.

చెవి ఇంత వెనకబడటం మందబుద్ధి వల్ల కాదు, మనం భాషలు నేర్చుకునే తీరు వల్ల. తెలుగులో దాదాపు రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిష్‌ను మనలో చాలామందిమి పుస్తకంలోంచే నేర్చుకున్నాం. ఆ అలవాటుతోనే ఫ్రెంచి పుస్తకం తెరుస్తాం. పైగా 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఆ భాషలోకి వేల ఫ్రెంచి మాటలు వచ్చి చేరాయి. అందువల్ల ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు ఫ్రాన్సులో గోడ మీది నోటీసులు మొదటి వారంలోనే ఎంతో కొంత అర్థమవుతాయి. భాష తేలికే అనిపిస్తుంది. అదే నోటీసును ఎవరైనా చదివి వినిపిస్తే ఒక్క మాటా పట్టుబడదు. అతను మాట్లాడతాడు, వాళ్లు మాట్లాడతారు అనే రెండు వాక్యాలకు రాతలో మూడక్షరాల తేడా ఉంది, పలుకులో ఏమీ లేదు. రెండూ ‘ఇల్ పార్ల్’. నాకు తెలియదు అనడానికి పుస్తకం ‘జ న సే పా’ అని నేర్పుతుంది, వీధిలో అది ‘షే పా’ అయిపోతుంది. కన్ను ఎంత ముందుకు పోతే చెవి అంత వెనకబడినట్టు తోచి, మనిషి కుంగిపోతాడు.

ఈ తేడా అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది అంకెల దగ్గర. ఫ్రాన్సులో 70కి విడిగా మాట లేదు, అరవై పది అంటారు. 72 అంటే అరవై పన్నెండు, 80 అంటే నాలుగు ఇరవైలు, 92 అంటే నాలుగు ఇరవైల పన్నెండు. బెల్జియంలోనూ స్విట్జర్లండులోనూ 70కి, 90కి వేరే మాటలున్నాయి గానీ పారిస్‌లో అవి వాడరు. లెక్కగా చూస్తే ఇందులో కష్టమేమీ లేదు, కాగితం మీద ఒక పూటలో వచ్చేస్తుంది. కానీ ఫోన్ నంబరును అక్కడ పది అంకెలుగా కాక, రెండేసి అంకెల అయిదు జతలుగా చెబుతారు. ‘సువసాంత్’ (అరవై) అని వినగానే కలం 6 వేసేస్తుంది. తర్వాత ‘దూజ్’ (పన్నెండు) వినబడితే అది 62 కాదు, 72. వేసిన 6 కొట్టేసి 7 దిద్దేలోగా తర్వాతి జత వెళ్లిపోతుంది. ఇంటి అద్దె 675 అని యజమాని చెబుతుంటే చెవి 660 దగ్గరే ఆగిపోవచ్చు. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు రెండు గంటలకా పన్నెండుకా అన్నది ఇంకా చిక్కు. ఆ రెండు సమయాల పేర్లకు మధ్య తేడా అంతా ఒక్క అచ్చులో ఉంది, అందులో ఒకటి తెలుగులో లేని అచ్చు. వ్యాకరణంలో పొరపాటు చేస్తే ఎదుటివాళ్లు సర్దుకుంటారు. పన్నెండింటి అపాయింట్‌మెంటుకు రెండింటికి వెళ్తే డాక్టరు ఉండడు.

అయితే చెవికి పాఠం ఎక్కడ దొరుకుతుంది? రోజూ తిరిగే దారిలోనే దొరుకుతుంది. పారిస్ మెట్రోలో పెట్టె తలుపు పైన స్టేషన్ల పేర్లు వరసగా రాసి ఉంటాయి. చాలా లైన్లలో ఒక్కో పేరును రెండుసార్లు వినిపిస్తారు, మొదట గొంతు పైకెత్తి, చేరేటప్పుడు దించి. పటంలో శాత్లే స్టేషన్ పేరు చివరి ‘టి’ కళ్ల ముందే ఉంటుంది, చెవికి మాత్రం ‘శాత్లే’ అని వస్తుంది. రాతకూ పలుకుకూ ఉన్న సంబంధం ఇంత తేటగా కనబడే చోటు ఇంకోటి లేదు. సూపర్‌మార్కెట్‌లో డబ్బు కట్టేటప్పుడు తెర వైపు చూడకుండా ముందు ధర విని, తర్వాత తెర చూసి సరిపోల్చుకోవచ్చు. ఆర్ఎఫ్ఐ రేడియోలో తేలిక ఫ్రెంచిలో పది నిమిషాల వార్తలు వస్తాయి. పూర్తిగా కొత్తవాళ్లకు అవి కూడా బరువే. అందుకే నేను మెట్రోను, దుకాణాన్ని ముందు పెడతాను. అక్కడ అవే మాటలు రోజూ తిరిగి వస్తాయి.

చేతిలో ఫోన్ ఉండగా ఈ శ్రమ ఎందుకని అడగొచ్చు. కాగితం వరకు ఆ మాట నిజం. అద్దె ఒప్పందమైనా, కరెంటు బిల్లైనా, ఇంట్లో లేనప్పుడు పోస్ట్‌మన్ వదిలి వెళ్లిన చీటీ అయినా ఫోటో తీస్తే ఫోన్ చదివి పెడుతుంది. కానీ కింద తలుపు దగ్గర నిలబడ్డ డెలివరీ మనిషి ఇంటర్‌కమ్‌లో అరిచే మాటకూ, రైలు వేరే ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని స్టేషన్‌లో ఒక్కసారి వినిపించే ప్రకటనకూ ఫోన్ తీసేంత వ్యవధి ఉండదు. ఇంగ్లిష్‌తో నెట్టుకురావడం కూడా కొంతమేరకే. ఇంగ్లిష్‌లో సాగే మాస్టర్స్ కోర్సులో చేరిన విద్యార్థికి తరగతిలో ఫ్రెంచి అక్కర్లేకపోవచ్చు. చట్టం అతనికి ఏడాదికి 964 గంటలు పనిచేసే వీలు ఇచ్చింది. ఆ పని హోటల్ వంటగదిలో దొరికితే అక్కడి కేకలన్నీ ఫ్రెంచిలోనే ఉంటాయి.

ఇంకో అభ్యంతరం బలమైనది. వింటూ కూర్చుంటే నోరు ఎప్పటికీ పెగలదంటారు. నేను చెప్పేది మౌనం గురించి కాదు. కాస్త నెమ్మదిగా చెప్పండి, మళ్లీ ఒకసారి, 72 అన్నారా — ఈ మూడూ నోటితో అనేవే, పనిచేసేది మాత్రం చెవి కోసం. విన్నదాన్ని తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడం అన్నిటికన్నా మంచి పద్ధతి. వీటన్నిటికీ ముందు బోంజూర్ ఉండాలి. మీరు–నువ్వు భేదం మనకు పుట్టుకతో వచ్చింది కాబట్టి వాళ్ల ‘వూ’, ‘త్యు’ల దగ్గర పెద్దగా తడబడం. కానీ మన మర్యాద ‘అండి’లోనూ అన్నా, అక్కా అనే పిలుపులోనూ ఉంటుంది, కొట్టుకు వెళ్లి నేరుగా కిలో ఎంతండీ అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు. ఫ్రాన్సులో పలకరింపు లేకుండా మొదలుపెట్టిన ప్రశ్న మొరటుగా వినిపిస్తుంది. భాష రానివాళ్లను వాళ్లు మన్నిస్తారు, బోంజూర్ అననివాళ్లను మన్నించడం తక్కువ. పలకరించి అడిగితే రెండోసారి నెమ్మదిగా చెబుతారు కూడా.

పరీక్షల సంగతేమిటి, వాటికి వ్యాకరణం కావాలి కదా అంటే, తప్పకుండా కావాలి. 2026 జనవరి నుంచి చాలామందికి కొన్నేళ్ల నివాస కార్డుకు ఫ్రెంచిలో ఏ2, పదేళ్ల కార్డుకు బీ1, పౌరసత్వానికి బీ2 స్థాయి చూపించాల్సి వస్తోంది. కానీ ఆ స్థాయిలను నిరూపించే డెల్ఫ్ పరీక్షలో వంద మార్కులకు పాతిక వినికిడికే ఉన్నాయి. వ్యాకరణం మానమని కాదు, వరస మార్చుకోమంటున్నాను.

ఈ విషయంలో నాకు ఎక్కువ దిగులు భర్త ఉద్యోగం కోసం వెంట వెళ్లి ఇంట్లో ఉండిపోయే ఆడవాళ్ల గురించి. మెట్రో ప్రకటనలైనా, కౌంటరు దగ్గరి ప్రశ్నలైనా వాళ్ల చెవిన పడేది తక్కువ. ఫ్రాన్సులో 2019 నుంచి మూడేళ్లకే పిల్లలకు బడి తప్పనిసరి. బడికి వెళ్లిన పిల్ల ఏడాదిలో గడగడా మాట్లాడుతుంటే, డాక్టరు దగ్గర అమ్మ మాటను ఆ పిల్లే చేరవేయాల్సి వస్తుంది. తల్లి ఒంటి బాధను డాక్టరుకు వివరించే భారం పిల్ల మీద పెట్టకూడదు. నగర గ్రంథాలయాల్లో కొత్తవాళ్ల కోసం కబుర్ల బృందాలు నడుస్తుంటాయి. వాటికి వెళ్లడానికి వారంలో ఒక పూట ఆమెకు ఖాళీ చేసిపెట్టడం భర్త పని. సాయంత్రం బడి గేటు దగ్గరికి ఆమే వెళ్లాలి. పిల్ల తిన్నదీ, నిద్రపోయిందీ, రేపు ఏం తేవాలో టీచరు రోజూ దాదాపు అవే రెండు మూడు వాక్యాల్లో చెబుతుంది. మొదటి వారం అర్థం కాని ఆ వాక్యాల్లో నెల తిరిగేసరికి రెండు మాటలు, ఆ తర్వాత నాలుగు పట్టుబడతాయి.