తడ దాటితే ఎవరం?

2025 బక్రీదుకు మా ఊరు చిట్టమూరు వెళ్లాను. పండుగ మర్నాడే ఎంసెట్ ర్యాంకులొచ్చాయి. ఆ పరీక్ష పేరు 2021లోనే ఈఏపీసెట్ అయింది. మా ఊళ్లో మాత్రం ఇంకా ఎంసెటే. చెల్లెలి కూతురికి మంచి ర్యాంకు వచ్చింది. అమ్మీ షీర్ ఖుర్మా మళ్లీ వేడి చేసింది. చెల్లెలు నా పక్కన కూర్చుని, "భాయ్, పిల్లను యాడ చేర్పిద్దాం? ఇక్కడా, బయటా?" అని అడిగింది.

"బయటే" అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

1997లో నేనూ ఎంసెట్ రాశాను. అప్పట్లో ప్రైవేటు కాలేజీల్లో ఫ్రీ సీట్లు, పేమెంటు సీట్లు అని రెండు రకాలు. నా ర్యాంకుకు ఫ్రీ సీటు రాలేదు. పేమెంటు సీటుకు సైకిల్ షాపు నడిపే అబ్బా దగ్గర డబ్బు లేదు. షేక్ అని రాస్తే ఓసీ. అబ్బా ఎవరి సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడో ఆ ఆసాముల పిల్లలూ నేనూ ఒకే గడిలో ఉన్నాం. వాళ్లు కర్ణాటక వెళ్లి డొనేషన్ కట్టి చదివారు. నేను బీఏలో చేరాను. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు నేర్చినందుకు పత్రికలో ఉద్యోగం దొరికి హైదరాబాదు చేరాను. ఇంజనీరు కాలేదన్న బాధ ఎప్పుడో పోయింది. బయటికి వెళ్లలేకపోయానన్న బాధ మాత్రం పోలేదు. మేనకోడలి నోటితో ఆ బాధ తీర్చుకోవాలనుకున్నానేమో.

"హైదరాబాదు పంపించు, నా దగ్గరుంటుంది" అన్నాను. ముఫఖం జా కాలేజీ 1980 నుంచి ఉంది, దక్కన్ కాలేజీ 1984 నుంచి ఉంది. రెండూ ముస్లింలు పెట్టినవే. స్కార్ఫు కట్టుకున్న పిల్లను అక్కడెవరూ వింతగా చూడరు. బావ నెమ్మదిగా, "అది ఇప్పుడు వేరే రాష్ట్రం గదా" అన్నాడు. నిజమే. నేను గది మారకుండానే 2014 జూన్ 2న పరాయి రాష్ట్రంలో ఉన్నవాణ్ణయ్యాను. పదేళ్లపాటు మన పిల్లలూ పోటీ పడగలిగిన ఆ 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లు 2025-26 నుంచి లేవు. ఇక మేనేజ్‌మెంట్ సీటే గతి.

పోనీ మద్రాసు? నాయుడుపేటలో రైలెక్కితే విజయవాడ కంటే అదే దగ్గర. మా ఊరివాళ్లు ఆస్పత్రికీ పెళ్లి బట్టలకూ అక్కడికే పోతారు. చదువుకు వచ్చేసరికి లెక్క వేరు. చిట్టమూరులో షేక్ అంటే బీసీ-ఇ. తడ దాటితే అదే షేక్ ఓసీ. అక్కడా 2007 నుంచి ముస్లింలకు 3.5 శాతం ఉంది. అది తమిళనాడు వాళ్లకే. మన సర్టిఫికెట్ అక్కడ ఉత్త కాగితం. ఫీజు రీయింబర్స్‌మెంటూ లేదు.

ఇక్కడైతే పక్కనే విద్యానగర్‌లో 1979లో పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. తిరుపతిలో 1959 నాటి యూనివర్సిటీ కాలేజీ ఉంది. ఎస్వీ యూనివర్సిటీ పరిధి వాళ్లకు 85 శాతం సీట్లు లోకల్. పైన బీసీ-ఇ నాలుగు శాతం.

ఇంత స్పష్టంగా ఉన్నా నేను "బయటే" అని ఎందుకు పట్టుబట్టాను? చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ పిల్లను రేపెవరైనా "కోటా సీటు" అంటారేమోనని భయపడ్డాను. అనేవాళ్లు ఎవరో కాదు, నాతో టీ తాగే అభ్యుదయ మిత్రులే. "మతానికి రిజర్వేషనేమిటి భాయ్, మనం లౌకికవాదులం కదా" అన్నవాళ్లే. మిత్రులారా, అది మతానికి ఇచ్చింది కాదు. 2007 చట్టం అత్తరు సాయిబులనూ, ఫకీరు సాయిబులనూ, మాలాంటి షేకులనూ చేర్చి సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివాళ్లను బయటే ఉంచింది. ఇస్లాంలో కులం లేదని మా పెద్దలంటారు. ముస్లింలకు కులమేమిటని మీ పెద్దలంటారు. అత్తరు బుడ్ల పెట్టె భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాడికి మాత్రం తన చోటెక్కడో ఎప్పుడూ తెలుసు.

ఆ నాలుగు శాతం కూడా తేలిగ్గా రాలేదు. 2004లో, 2005లో ఐదు శాతం ఇచ్చినప్పుడు హైకోర్టు కొట్టేసింది. 2007 చట్టాన్నీ 2010 ఫిబ్రవరిలో కొట్టేసింది. ఆ మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తేనే నిలబడింది. అప్పటినుంచి పిల్లలు ఆ ఉత్తర్వు మీదే చదువుకుంటూ వచ్చారు. "ఉన్నప్పుడే తీసుకోవాల" అన్నాడు బావ. ఆ మాటలో ఆశ కంటే భయమే ఎక్కువ వినిపించింది.

"ఘర్ కే పాసిచ్ పఢో బేటీ" అంది అమ్మీ. దానికి ఇంటి దగ్గరుంటే చాలు.

అప్పటిదాకా పిల్లను ఎవరూ అడగలేదు. అది గడప దగ్గర కూర్చుని మా మాటలన్నీ వింటోంది. నా వైపు తిరిగి, "మామూ, హైదరాబాదులో నిన్ను ఏమంటారు?" అంది.

ఏం చెప్పను? పాతబస్తీలో నోరు విప్పితే నా ఉర్దూ విని "ఆంధ్రావాలా" అంటారు. ఆఫీసులో ఇన్నేళ్ల తర్వాతా కొత్తగా వచ్చినవాళ్లు "మీరు తెలుగు ఇంత బాగా రాస్తారే!" అని ఆశ్చర్యపోతారు. మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. మద్రాసులో చదివిన మా ఊరి కుర్రాణ్ణి హాస్టల్లో "గొల్టి" అన్నారట. జన్మలో మొదటిసారి తనను ఉత్త తెలుగువాడిగా చూశారని వాడు నవ్వుతూ చెప్పాడు.

ఇవన్నీ చెప్పాను. పిల్ల కాసేపు ఊరుకుని ఇలా అంది:

"ఇక్కడ నన్నెవురన్నా తురకపిల్ల అన్నా, కోటా సీటన్నా తెలుగులోనే గదా అంటారు. నేనూ తెలుగులోనే తిరిగి అడుగుతా. బయటికి తర్వాత పోతా. ఉద్యోగానికి పోతా."

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లూ ఆ మాటలు పడి నేను తిరిగి అడిగింది ఎన్నిసార్లు? పద్దెనిమిదేళ్ల పిల్లకున్న ధైర్యం నాకు నలభై దాటాక కూడా రాలేదు. దాన్ని దూరం పంపాలనుకున్నది దాని మంచి కోసమా, నేను తప్పించుకోవడం కోసమా?

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున నన్నే పక్కన కూర్చోమంది. తిరుపతి మొదట, విద్యానగర్ తర్వాత పెట్టింది. కేటగిరీ దగ్గర బీసీ-ఇ అని ఉంది. చేయి కాస్త ఆపి, చదివి, ముందుకు వెళ్లింది. నేను 1997లో ఆ గడి దగ్గర తలదించుకున్నాను. అది దించుకోలేదు.